నేలపట్టు, పులికాట్ వలస పక్షులు, వాటి కోసం దేశాలు చేసుకున్న ఒప్పందాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

చలికాలం వస్తే తిరుపతి నుంచి ఒక వ్యాన్ మాట్లాడుకుని నేలపట్టు పక్షుల చెరువు, పులికాట్ ఉప్పునీటి సరస్సు వైపు వెళ్లడం మాకు అలవాటు. బండి శ్రీకాళహస్తి దాటేసరికి వెనక సీట్ల నుంచి ప్రశ్నలు మొదలవుతాయి. ఏటా దాదాపు అవే. చెప్పిందే చెప్పి నోరు నొప్పి పుట్టి, ఇక్కడ రాసి పెడుతున్నాం. వచ్చే ముందు ఒకసారి చదువుకుని రండి. బండిలో పాటలు పెట్టుకోవచ్చు.

నేలపట్టు నెల్లూరు జిల్లా కాదా? తిరుపతి వాళ్లకు ఏం సంబంధం?

2022 ఏప్రిల్ దాకా నెల్లూరే. కొత్త జిల్లాలు వచ్చాక సూళ్లూరుపేట, నాయుడుపేట, నేలపట్టు ఉన్న దొరవారిసత్రం, తడ అన్నీ తిరుపతి జిల్లాలోకి వచ్చాయి. అలా నేలపట్టు గూడబాతులకు (పెలికాన్లకు) ఉన్నచోటనే బదిలీ అయిపోయింది. ఏడుకొండలు, శ్రీహరికోట రాకెట్లు, పులికాట్ రాజహంసలు (ఫ్లెమింగోలు) ఇప్పుడు ఒకే కలెక్టరు కింద ఉన్నాయి.

అక్కడ కనబడేవన్నీ సైబీరియా పక్షులేనా?

కావు. మా వ్యాన్‌లో అందరికంటే ఎక్కువసార్లు వినబడే మాట ఇదే, తప్పు కూడా ఇదే. టీవీల్లోనూ తెల్లగా పెద్దగా కనబడిన ప్రతి పిట్టనూ ‘సైబీరియా కొంగ’ అనేస్తారు. ఒక చిన్న గుర్తు చెబుతాం. చలికాలంలో ఇక్కడ గూడు కట్టి, గుడ్లు పెట్టి, పిల్లల్ని సాకుతోందంటే అది సైబీరియా నుంచి వచ్చిన పిట్ట కాదు. సైబీరియా పిట్టలు పిల్లల్ని అక్కడి ఎండాకాలంలో చేసుకుంటాయి. మన దగ్గరికి తిని బతకడానికి మాత్రమే వస్తాయి.

నేలపట్టు చెరువులో, నీళ్లలో మునిగి నిలబడిన చెట్ల మీద గూళ్లు కట్టేది గూడబాతు. దాని పై ముక్కు అంచున వరసగా నల్ల చుక్కలుంటాయి. అది మన దేశంలో, శ్రీలంకలో, కంబోడియాలో పిల్లల్ని చేసే పక్షి. వానల్ని బట్టి ఒక చెరువు నుంచి ఇంకో చెరువుకు మారుతుంది కానీ హిమాలయాలు దాటదు. టవర్ ఎక్కి బైనాక్యులర్స్‌లో చూస్తే, పిల్ల తన తలకాయ మొత్తం తల్లి గొంతు సంచిలోకి దూర్చి చేపలు తింటూ కనిపిస్తుంది. మొదటిసారి చూసినవాళ్లు తల్లే పిల్లను మింగేస్తోందని కంగారుపడతారు. ఎర్రకాళ్ల కొంగ, నత్తలు తినే చిల్లుముక్కు కొంగ కూడా మనవే. పులికాట్ రాజహంసలు మన దేశంలోనే గుజరాత్‌లోని కచ్ రణ్‌లో వేలకు వేలుగా గూళ్లు పెడతాయి.

మరి నిజంగా దూరం నుంచి వచ్చేవి ఏవి? సూదితోక బాతు, చెంచాలాంటి ముక్కున్న చెంచామూతి బాతు, ఇంకా రకరకాల ఉల్లంకి పిట్టలు. వాటిలో లిటిల్ స్టింట్ అనే బుడ్డ ఉల్లంకి ఉంటుంది. బరువు ఇరవై, ముప్పై గ్రాములు. అంటే కోడిగుడ్డులో సగం. అది గుడ్లు పెట్టేది ఆర్కిటిక్ అంచున, చెట్లు కూడా మొలవని నేలలో. అక్కడి నుంచి ఎగురుకుంటూ వచ్చి పులికాట్ బురదలో కుట్టుమిషను సూదిలా ముక్కు ఆడిస్తూ తిరుగుతుంటుంది. అందరూ దాన్ని దాటేసి రాజహంసల ఫొటోలు తీసుకుంటారు. మాకు ఆ విషయంలో కాస్త బాధే.

అంత దూరం ఎలా ఎగురుతాయి?

ఏకబిగిన కాదు, చాలావరకు మజిలీలు చేసుకుంటూ. బయలుదేరే ముందు బాగా తిని కొవ్వు పట్టిస్తాయి, అదే వాటి పెట్రోలు. అది అయిపోయే లోపు ఎక్కడో ఒకచోట దిగి మళ్లీ నింపుకోవాలి. అలిపిరి మెట్లెక్కిన వాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. మోకాళ్లు పట్టేసిన మనిషి గాలిగోపురం దగ్గర కూర్చుని నీళ్లు తాగి మళ్లీ ఎక్కుతాడు. అక్కడ కూర్చోవడానికి చోటు, తాగడానికి నీళ్లు లేకపోతే కొండ పైన ఎన్ని కాటేజీలుంటే ఏం లాభం?

మంగోలియా, టిబెట్ వైపు నుంచి వచ్చే పట్టెతల బాతు (తల వెనక రెండు నల్ల పట్టీలుంటాయి) హిమాలయాల మీదుగానే దిగుతుంది. దాని మీద ట్రాన్స్‌మిటర్ కట్టి చూసినప్పుడు 7,290 మీటర్ల ఎత్తు నమోదైంది. కర్ణాటకలోని గదగ్ జిల్లా మాగడి చెరువుకు అవి గుంపులు గుంపులుగా వస్తాయి.

ఫ్లైవే అంటే ఏమిటి?

చాలా జాతుల పక్షులు కలిసి వాడుకునే పెద్ద దారి. గుడ్లు పెట్టే చోటు, మజిలీలు, చలికాలం గడిపే చోటు అన్నీ కలిపి ఒక ఫ్లైవే. మనం మధ్య ఆసియా ఫ్లైవేలో ఉన్నాం. ఆర్కిటిక్ సముద్రం నుంచి హిందూ మహాసముద్రం దాకా 30 దేశాల మీదుగా వెళ్తుంది. రష్యా, కజకిస్తాన్, ఉజ్బెకిస్తాన్, మంగోలియా, చైనా, అఫ్గానిస్తాన్, పాకిస్తాన్, నేపాల్, మనం, శ్రీలంక. ఒకరితో ఒకరికి మాటలు లేని దేశాలు కూడా ఈ జాబితాలో పక్కపక్కనే ఉన్నాయి.

మన దేశంలో మనం బాగా చూసుకుంటే చాలదా? వేరే దేశాలతో పనేంటి?

దీనికి సైబీరియన్ క్రేన్ కథ చెప్పాలి. అసలైన ‘సైబీరియా కొక్కెర’ అదొక్కటే. తెల్లటి ఒళ్లు, ఎర్రటి ముఖం, మనిషి భుజం దాకా వచ్చే ఎత్తు. ఒక గుంపు ప్రతి చలికాలం రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌కు వచ్చేది. భరత్‌పూర్‌లో వాటికి లోటు లేదు. వేట నిషేధం, నేషనల్ పార్కు, కాపలా అన్నీ ఉన్నాయి. కానీ ఏటా వచ్చేవి తగ్గుతూ పోయాయి. దారిలో, అఫ్గానిస్తాన్, పాకిస్తాన్ మీదుగా వచ్చేటప్పుడు వేటగాళ్ల పాలయ్యాయి. మజిలీ చేసే చిత్తడి నేలలు కూడా పాడయ్యాయి. దారి పొడవునా ఉన్న దేశాలు కలిసి 1993లో ఈ ఒక్క పక్షి కోసం ఒప్పందం రాసుకున్నాయి. అప్పటికే ఆలస్యమైంది. భరత్‌పూర్‌లో ఆఖరిసారి కనబడింది 2002లో. ఆ తర్వాత రాలేదు.

అదే జాతిలో ఇంకో గుంపు చైనాలోని పోయాంగ్ సరస్సుకు వెళ్తుంది. వాటి దారి వేరు కాబట్టి బతికి ఉన్నాయి. భరత్‌పూర్ వాళ్లు చేసిన తప్పంటూ పెద్దగా ఏమీ లేదు, అయినా నష్టపోయింది వాళ్లే. ఈ కథ చెప్పాక వ్యాన్‌లో ఆ ప్రశ్న మళ్లీ ఎవరూ అడగరు.

అయితే ఏయే ఒప్పందాలున్నాయి?

మూడు, నాలుగు గుర్తుంచుకుంటే చాలు.

రామ్‌సర్ ఒప్పందం చిత్తడి నేలల కోసం. 1971 ఫిబ్రవరి 2న ఇరాన్‌లో కాస్పియన్ సముద్రం ఒడ్డున ఉన్న రామ్‌సర్ అనే ఊళ్లో కుదిరింది. అందుకే ఫిబ్రవరి 2 ప్రపంచ చిత్తడి నేలల దినం. (చాలామంది దీన్ని ఎవరో రామ్‌సార్ అనే పెద్దమనిషి పేరనుకుంటారు. మాలో ఒకాయన చాలాకాలం అలాగే అనుకున్నాడు, ఆయన పేరు చెప్పం.) మన దేశం 1982లో చేరింది. ఇప్పుడు 170కి పైగా దేశాలున్నాయి. మన దేశంలో ఈ జాబితాకెక్కిన చోట్లు 2025 జూన్ నాటికి 91.

బాన్ ఒప్పందం వలస జీవుల కోసం. 1979లో జర్మనీలోని బాన్‌లో సంతకాలయ్యాయి, 1983లో అమల్లోకి వచ్చింది. అదే ఏడాది మనం చేరాం. దాని సభ్య దేశాల సమావేశం 2020లో మన గాంధీనగర్‌లోనే జరిగింది. పక్షులే కాదు, తాబేళ్లు, తిమింగలాలు, ఏనుగులు కూడా దీని కిందికి వస్తాయి.

ఇవి కాక రెండు దేశాల మధ్య విడిగా రాసుకున్నవి ఉంటాయి. వలస పక్షుల కోసం సోవియట్ యూనియన్‌తో మనం 1984లో ఒకటి చేసుకున్నాం. సూదితోక బాతు పుట్టిల్లు అక్కడ, చలికాలపు మకాం ఇక్కడ కాబట్టి అది సహజమే.

ఆఫ్రికా, ఐరోపా వైపు పక్షులకు ఇంకా గట్టి ఒప్పందం ఉంది, పేరు ఏఈడబ్ల్యూఏ (ఆఫ్రికా-యూరేషియా నీటి పక్షుల ఒప్పందం). 1995లో కుదిరింది, 1999 నుంచి అమలు. అందులో 255 జాతుల నీటి పక్షులున్నాయి. మనం ఆ దారిలో లేము. ఏ పక్షిని వేటాడకూడదు, సీసపు గుండ్లు ఎక్కడ వాడకూడదు లాంటివి కూడా అందులో వివరంగా రాసుకున్నారు. మన ఫ్లైవేకు అంత గట్టి కాగితం ఇంకా లేదు.

సమర్కంద్‌లో ఏదో తేలిందన్నారు, అదేంటి?

2024 ఫిబ్రవరిలో ఉజ్బెకిస్తాన్‌లోని సమర్కంద్‌లో బాన్ ఒప్పందం దేశాలు కూర్చున్నాయి. మధ్య ఆసియా ఫ్లైవే కోసం ఒక కార్యక్రమాన్ని ఒప్పుకున్నాయి. దాన్ని సమన్వయం చేసే విభాగం మన దేశంలో ఉంటుంది. ఇది చిన్న విషయమేం కాదు. ఈ దారికి కార్యాచరణ ప్రణాళిక 2005లో ఢిల్లీలో జరిగిన సమావేశంలోనే తయారైంది. దాన్ని నడిపించే ఇల్లంటూ లేక ఇన్నాళ్లూ కాగితాల్లోనే నలిగింది. మన ప్రభుత్వం తన వంతుగా 2018 నుంచి 2023 వరకు ఒక జాతీయ ప్రణాళిక వేసుకుంది.

ఆ సమావేశంలోనే వలస జీవుల పరిస్థితి మీద ఒక నివేదిక కూడా విడుదలైంది. ఒప్పందం జాబితాలో ఉన్న జాతుల్లో 44 శాతం తగ్గిపోతున్నాయని, ప్రతి ఐదింటిలో ఒకటి అంతరించే ప్రమాదంలో ఉందని అందులో ఉంది.

మాట తప్పిన దేశానికి శిక్ష ఉంటుందా?

ఉండదు. పోలీసు లేడు, జరిమానా లేదు. నలుగురిలో పరువు పోవడం ఒక్కటే. అది ఉత్త మాట అనుకునేవాళ్లకు చిలికా సరస్సును చూపిస్తాం.

రామ్‌సర్ వాళ్ల దగ్గర మాంట్రో రికార్డు అని ఒకటుంటుంది. జాబితాలో ఉండి పాడైపోతున్న చోట్ల పేర్లు అందులోకి ఎక్కుతాయి. పరీక్ష తప్పినవాళ్ల పేర్లు బోర్డు మీద రాసినట్టు. ఒడిశాలోని చిలికా 1993లో అందులోకి ఎక్కింది. సముద్రంతో కలిసే ముఖద్వారం పూడుకుపోయింది, ఉప్పు తగ్గింది, గుర్రపుడెక్క పెరిగింది, చేపలు పడిపోయాయి. 2000లో ఇసుక దిబ్బను తవ్వి సముద్రానికి కొత్త దారి తెరిచారు. ఉప్పునీళ్లు లోపలికొచ్చాయి, చేపలు వచ్చాయి, వాటి వెనకే పక్షులు. 2002లో ఆ రికార్డు నుంచి చిలికా పేరు తీసేశారు. మన దేశం నుంచి లోక్‌తక్, భరత్‌పూర్ ఇంకా అందులోనే ఉన్నాయి.

మరి పులికాట్ రామ్‌సర్ జాబితాలో ఉందా?

ఇది రాసేనాటికి లేదు. ఆంధ్రప్రదేశ్ నుంచి ఉన్నది కొల్లేరు ఒక్కటే, 2002 నుంచి. చిలికా తర్వాత దేశంలో రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు పులికాటే. ఇరవై వేల నీటి పక్షులు క్రమం తప్పకుండా చేరే చోటైనా, ఒక జాతి మొత్తం సంఖ్యలో ఒక శాతం అక్కడుండేదైనా ఆ జాబితాకు అర్హత ఉంటుంది. రాష్ట్రం అడగాలి, కేంద్రం పంపాలి.

అలాగని పేరు ఎక్కితే అన్నీ సర్దుకుంటాయని ఆశ పెట్టుకోవద్దు. కొల్లేరు పేరు ఎక్కిన నాలుగేళ్లకు, 2006లో, ఆక్రమించి కట్టిన చేపల చెరువుల గట్లను ప్రభుత్వమే తెగ్గొట్టాల్సి వచ్చింది. ఆ తగవు ఇంకా పూర్తిగా తీరలేదు.

పులికాట్ అసలు జబ్బు చిలికా జబ్బే. సముద్రంతో కలిసే నోళ్లు ఇసుకతో పూడుకుపోతున్నాయి. రాయదొరువు దగ్గర పూడిక తీయాలని జాలర్లు ఏళ్ల తరబడి అడుగుతున్నారు. నీళ్లు రాకపోతే ఎండాకాలానికి ఉత్తరం వైపు సరస్సు ఎండి తెల్లగా పేలిపోతుంది, దాని మీద బండ్లు కూడా తిరుగుతాయి. రొయ్య, పీత తగ్గితే జాలరికి కూడు పోతుంది. అదే నీళ్లలో తిండి వెతుక్కునే రాజహంసకూ పోతుంది. పక్షులకూ జాలర్లకూ పడదని పట్నంలో కూర్చుని మాట్లాడేవాళ్లు ఒక్కసారి భీములవారిపాలెం రేవులో నిలబడి వినాలి. ఇద్దరి గోడూ ఒకటే.

ఇంకో చిక్కుంది. సరస్సులో ఎక్కువ భాగం మనది, దక్షిణం కొస తమిళనాడుది. సరిహద్దు నీళ్లలో ఎవరు వల వేయాలని రెండు వైపుల జాలర్లకూ గొడవలవుతుంటాయి. రెండు రాష్ట్రాలకే ఇంత కష్టమైతే ముప్పై దేశాల సంగతి ఊహించుకోండి.

మా ఊరి చెరువుకూ ఈ ఒప్పందాలకూ ఏమైనా సంబంధం ఉందా?

చిత్తూరు వైపు వాళ్లు ఇది తప్పకుండా అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. రామ్‌సర్ లెక్కలో చిత్తడి నేల అంటే సహజమైనదైనా మనిషి కట్టిందైనా, ఏడాదంతా నీళ్లున్నా కొన్నాళ్లే ఉన్నా, మంచినీళ్లైనా ఉప్పునీళ్లైనా సరే. ఆ లెక్కన మన చెరువు, కయ్య, ఏటి మడుగు అన్నీ వస్తాయి. కానీ మన దేశంలో 2017లో వచ్చిన చిత్తడి నేలల నిబంధనలు తాగునీటికీ సాగునీటికీ మనుషులు కట్టిన చెరువుల్ని, వరి పొలాల్ని తమ పరిధి నుంచి తీసేశాయి. మన జిల్లాల్లో ఉన్నవి దాదాపు అన్నీ కట్ట పోసి కట్టిన చెరువులే. అంటే సూదితోక బాతు దిగే నీళ్లు ప్రపంచ ఒప్పందం దృష్టిలో చిత్తడి నేల, మన నిబంధనల దృష్టిలో కాదు. ఇది మాకు నచ్చని విషయం, దాచుకోం.

ఒక సంగతి దగ్గర నుంచి చూశాం. తిరుపతికి దగ్గర్లో ఒక చెరువు, పేరెందుకులెండి. వానలు బాగా పడిన ఏడు మొరవ పోయేది. ఆ తర్వాత నీళ్లు మెల్లగా తగ్గుతుంటే, పుష్యమాసానికి లోతట్టు అంచున అరిచేయి లోతు నీళ్లు, బురద మిగిలేవి. ఆ బురద అంచులోనే ఉల్లంకి పిట్టలు వందల్లో తిరిగేవి. తర్వాత చెరువును అందంగా చేస్తామని చుట్టూ నిట్టనిలువుగా రాతి కట్టడం కట్టి, నడిచే బాట వేసి, లైట్లు పెట్టారు. నీళ్లు ఇప్పుడూ ఉన్నాయి, ఇంకా ఎక్కువే ఉన్నాయి. పిట్టలు లేవు. ఉల్లంకి కాళ్లు రెండు అంగుళాలు. దానికి కావలసింది చెరువు నిండా నీళ్లు కాదు, వాలుగా దిగే అంచు. సుందరీకరణ ప్లాన్ గీసేవాళ్లు ఒక పక్కనైనా ఆ వాలును అలాగే వదిలేస్తే పెద్ద ఖర్చేమీ కాదు.

రైతులకు పక్షుల వల్ల లాభమా నష్టమా?

గూళ్లున్న చెరువు నీళ్లలో రెట్ట కలిసి ఎరువవుతుంది. తమిళనాడులోని వేడంతాంగల్ రైతులు ఈ సంగతి ఎంత ముందే కనిపెట్టారంటే, తమ చెరువులో పక్షుల్ని ఎవరూ కాల్చకూడదని 1798లోనే కలెక్టరు దగ్గర కాగితం రాయించుకున్నారు. ఏ అంతర్జాతీయ ఒప్పందానికైనా అది తాతలాంటిది.

జనవరిలో పక్షుల్ని లెక్కపెడతారట, మేమూ రావచ్చా?

రండి. 1987లో మొదలైన ఆసియా నీటి పక్షుల గణన అది. ఏటా జనవరిలో, మనకు సంక్రాంతి ముందూ వెనకా, చాలా దేశాల్లో ఒకేసారి జరుగుతుంది. జీతాలు లేవు, టిఫిన్ మీదే. ఇక్కడ లెక్క తక్కువొచ్చిందంటే పక్షులు చచ్చాయా, వేరే చోటికి మారాయా అన్నది మన ఒక్క చెరువు చూస్తే తెలియదు. అన్ని దేశాల కాగితాలు ఒకచోట చేరితేనే తెలుస్తుంది.

మూడు వేల బాతుల్ని ఎలా లెక్కపెడతారని భయపడొద్దు. ముందు పది లెక్కపెట్టి, ఆ పది ఎంత జాగా తీసుకున్నాయో కంటితో పట్టుకోవాలి. అలాంటి పదులు పది కలిపితే వంద. ఇక వందలతో గుంపును కొలుచుకుంటూ పోవడమే. సగంలో ఉండగా గద్ద వచ్చి అన్నీ లేచిపోతాయి. మళ్లీ మొదటి నుంచి.

కాలికి రింగున్న పిట్ట దొరికితే ఏం చేయాలి?

పక్షులు ఎక్కడెక్కడికి పోతున్నాయో తెలుసుకోవడానికి పరిశోధకులు వేసే రింగు అది. దాని మీద బొంబాయి నాచురల్ హిస్టరీ సొసైటీకి తెలియజేయమని ఇంగ్లిష్‌లో చెక్కి, కింద ఒక నంబరు ఉంటుంది. ఆ నంబరును, దొరికిన చోటును, తేదీని ఫొటోతో సహా వాళ్లకు పంపాలి. బతికున్న పిట్ట రింగు పీకకూడదు. కొన్ని పట్టెతల బాతుల మెడకు అక్షరాలున్న పట్టీ ఉంటుంది, అవి మంగోలియాలో వేసినవి కావచ్చు. బైనాక్యులర్స్‌లో అక్షరాలు చదివి రాసుకుంటే చాలు, పట్టుకోవాల్సిన పనిలేదు. ఇది మంత్రమో, గూఢచారి వస్తువో అని మాత్రం అనుకోకండి. ఆ అనుమానంతో పిట్టను కట్టేసి ఉంచిన వార్తలు అప్పుడప్పుడు చదువుతుంటాం.

వలస పక్షులతో బర్డ్ ఫ్లూ వస్తుందా?

వైరస్ అడవి బాతుల్లో ఉండగలదు, నిజమే. కోళ్ల ఫారాల మధ్య అది ఎక్కువగా పాకేది మాత్రం కోళ్లు, గంపలు, బండ్లు, చెప్పుల ద్వారా. దూరం నుంచి పక్షిని చూస్తే ఏమీ కాదు. చచ్చిన పక్షి కనబడితే ముట్టుకోకుండా, అటవీ శాఖకో పశుసంవర్ధక శాఖకో చెప్పండి.

బాతును పట్టి తింటే?

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద జైలు. రోడ్డు పక్కన ‘అడవి బాతు’ అని ఎవరైనా అమ్మితే కొన్నవాళ్లకూ చిక్కే.

ఫ్లెమింగో ఫెస్టివల్‌కు వెళ్తే పక్షులు బాగా కనబడతాయా?

ఫెస్టివల్ బాగా కనబడుతుంది. 2001లో మొదలై, మధ్యలో కొన్నేళ్లు ఆగి, 2025 జనవరిలో మళ్లీ జరిగింది. స్టాళ్లు, పాటలు, జనం. పిల్లలకు సరదాగా ఉంటుంది, సూళ్లూరుపేటకు నాలుగు డబ్బులొస్తాయి. పక్షుల కోసమైతే దానికి ముందో తర్వాతో, మామూలు రోజు పొద్దున్నే శ్రీహరికోట రోడ్డులో అటకానితిప్ప దగ్గర ఆగండి. నీళ్లు మోకాలి లోతుంటే రాజహంసలు దగ్గరికే వస్తాయి. తల కిందులుగా నీళ్లలో పెట్టి, ముక్కును తిరగేసి, నాలుకతో బురదనీళ్లు పీల్చి వడగడుతుంటాయి. మన వంటింట్లో టీ వడగట్టినట్టే. రొయ్య పిల్లలు, నాచు లోపల మిగులుతాయి. వాటి గులాబి రంగు కూడా ఆ తిండి నుంచే వస్తుంది. హారన్ కొట్టారంటే అన్నీ ఒక్కసారి తలలెత్తుతాయి, ఆ తర్వాత లేచిపోతాయి.

ఎప్పుడు బయలుదేరాలి, ఏం తెచ్చుకోవాలి?

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఎప్పుడైనా. తిరుపతి నుంచి శ్రీకాళహస్తి, నాయుడుపేట మీదుగా దొరవారిసత్రం. తెల్లవారుజామున నాలుగున్నరకు బండి కదులుతుంది, ఐదు నిమిషాలు కూడా ఆగం. మట్టిరంగు బట్టలు, టోపీ, నీళ్ల సీసా. పెర్ఫ్యూమ్ కొట్టుకున్నా ఫర్వాలేదు, పక్షులు పట్టించుకోవు. తెల్ల చొక్కా, బ్లూటూత్ స్పీకర్ మాత్రం వద్దు. పులిహోర తెచ్చేవాళ్లు కాస్త ఎక్కువే తెండి.